తేట మాటల గది

బొగ్గులపేట మున్సిపల్ ప్రాథమిక పాఠశాలకు ఒక పక్క రైలు పట్టాలు, రెండో పక్క ఓడరేవు నుంచి బొగ్గు మోసుకొచ్చే బెల్టు. బండి వెళ్లినప్పుడు కిటికీ ఊచలు వణికేవి. బండి లేనప్పుడు బెల్టు గరగరలాడేది. ఆ రెండూ ఆగిన అరుదైన క్షణాల్లో ఫ్యాను కిర్రుమనేది. ఈ గోలలోనే గౌరునాయుడు మాస్టారు ఒకటీ రెండూ తరగతుల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టుకుని, బుగ్గన లవంగం పెట్టుకుని, అరిచి అరిచి పాఠాలు చెప్పేవారు. మధ్యాహ్నానికి ఆయన గొంతు పూర్తిగా పోయేది. ఆ తర్వాత బోర్డు మీద రాసి చూపించడమే.

డాక్టర్ మందాకిని మొదటిసారి ఆ బడికి వచ్చింది ఆ గొంతు పోయే వేళకే. ఆమె విశాఖపట్నంలోనే ఒక ధ్వనిశాస్త్ర పరిశోధనాలయంలో శాస్త్రవేత్త. తరగతి గదుల్లో టీచరు చెప్పే మాట పిల్లల చెవికి ఎంతవరకు చేరుతోందో కొలవడం ఆమె పని.

"ఉక్తలేఖనం చెప్పండి మాస్టారూ. మామూలుగా ఎలా చెప్తారో అలాగే," అంది.

"మామూలుగా అంటే అరవడమేనమ్మా," అని నవ్వి ఆయన మొదలుపెట్టారు. "పలక... గొడుగు... కేక..."

ముందు వరసలోని పిల్లలు సరిగ్గానే రాశారు. వెనక వరసలో కూర్చున్న రత్నం అనే రెండో తరగతి పిల్ల పలకను నలక అనీ, గొడుగును కొడుకు అనీ, కేకను మేక అనీ రాసింది. మాస్టారికి చిరాకొచ్చింది.

"చూశారా? రోజూ ఇంతే. బుర్ర ఎక్కడో పెట్టుకుని కూర్చుంటుంది."

మందాకిని ఆ పలక చేతిలోకి తీసుకుంది. "బుర్ర ఇక్కడే ఉంది మాస్టారూ. అచ్చులన్నీ సరిగ్గా పట్టుకుంది చూడండి. హల్లులే తప్పాయి. అచ్చుకు బలం ఎక్కువ, ఎంత మోతలోనైనా నిలబడుతుంది. హల్లు చిన్న చప్పుడు. బండి మోతలోనో, గోడల ప్రతిధ్వనిలోనో కలిసిపోతుంది. ఈ పిల్ల తనకు ఏది వినబడిందో అదే రాసింది."

రత్నం తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. తన తప్పు తనది కాదని ఒక పెద్దమనిషి అనగా ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు.

అప్పటికే మందాకిని ప్రయోగశాలలో ఒక యంత్రం తయారై ఉంది. సన్నని తీగల వలకు చిక్కుడుగింజంత మైకుల్నీ స్పీకర్లనూ వందలకొద్దీ గుచ్చి, గది పైకప్పు కింద పందిరిలా పరిచేది అది. బయటి నుంచి వచ్చే ప్రతి మోతనూ మైకులు పట్టుకునేవి. స్పీకర్లు దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని వదిలి దాన్ని అక్కడికక్కడే అణిచేసేవి. గదిలో మాట్లాడే మనిషి మాటను మాత్రం వడకట్టి, ప్రతిధ్వని తీసేసి, పక్కన కూర్చుని చెప్తున్నట్టు ప్రతి పిల్ల చెవికీ అందించేవి. మందాకిని అంతటితో ఆగలేదు. హల్లులకు పదును పెట్టింది. నోటి నుంచి వచ్చే 'క' కన్నా పందిరి వినిపించే 'క' రవ్వంత గట్టిగా, రవ్వంత ఎక్కువసేపు, గాజు మీద గీత గీసినంత స్పష్టంగా ఉండేది. పెద్దవాళ్లకు ఆ తేడా తెలిసేది కాదు. పిల్లలకు మాత్రం ఒక్క అక్షరం కూడా జారిపోయేది కాదు.

పందిరి బిగించే ముందు తల్లిదండ్రుల్ని పిలిచారు. రత్నం తండ్రి ఎర్రయ్య బొగ్గు యార్డులో కూలి. రెండో కూతురు చిట్టి కూడా ఆ గదిలోనే ఒకటో తరగతి చదువుతోంది. చిట్టిని ఒళ్లో కూర్చోబెట్టుకుని అతను అడిగాడు.

"మా గుంటల మీద మిసన్లెట్టి సూస్తారేటి మేడమ్? మీ పిల్లల మీద సూడరేం?"

మిగతావాళ్లు గుసగుసలాడారు. మందాకిని ఒక్క క్షణం తడబడింది. మరుక్షణం, ఇంట్లో ఎవరితోనూ అనకుండానే, మాట ఇచ్చేసింది.

"మా అమ్మాయి ఇందుమతి రెండో తరగతి. సోమవారం నుంచి ఈ గదిలోనే కూర్చుంటుంది."

ఆ సాయంత్రం ఆ సంగతి భర్త భార్గవకు చెప్పింది. "నాతో ఒక్క మాట అనాల్సింది మందా," అన్నాడు.

"నా కూతుర్ని కూర్చోబెట్టలేని గదిలో వాళ్ల పిల్లల్ని ఎలా కూర్చోబెట్టమంటావు?"

సోమవారం ఇందు జడలు అతనే వేశాడు, బడికి అతనే దింపాడు.

*

పందిరి మొదలైన రోజు గూడ్సు బండి ఒకటి బడి పక్కనుంచి వెళ్లింది. కిటికీ ఊచలు ఎప్పటిలాగే వణికాయి. బల్ల మీది సుద్దముక్క దొర్లి కింద పడింది. చప్పుడు మాత్రం లేదు. పిల్లలు నోళ్లు తెరుచుకుని కిటికీ వైపు చూశారు. వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి, బొమ్మలు కదిలినట్టు, నిశ్శబ్దంగా వెళ్లిపోయాయి.

"ఇప్పుడు చెప్పండి మాస్టారూ. అరవకండి," అంది మందాకిని.

గౌరునాయుడు మాస్టారు అనుమానంగా, ఇంట్లో మనవరాలితో మాట్లాడే గొంతుతో, "పలక," అన్నారు. గదిలో అందరూ పలక అనే రాశారు. ఆయన కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగి బోర్డు చెరపడం మొదలుపెట్టారు. బోర్డు మీద అప్పటికి ఏమీ లేదు.

ఆ ఏడు ఆ గదిలో జరిగింది చూడడానికి ఎక్కడెక్కడి నుంచో అధికారులు వచ్చారు. వెనక వరసలో ముడుచుకుని ఉండే రత్నం ముందుకొచ్చి కథలు చదివి వినిపించేది. మాస్టారి గొంతు తిరిగొచ్చింది. చిన్నప్పుడు నేర్చుకుని మరిచిపోయాననుకున్న పద్యాలు ఆయన రాగం తీసి పాడేవారు. ఇందు, రత్నం జట్టుకట్టారు. ఇద్దరూ చివరి వరసలో కూర్చుని గుసగుసలాడితే పందిరి ఆ గుసగుసను కూడా మాస్టారికి వినిపించేది. ఆయన పట్టుకుని నవ్వేవారు. పరీక్షల్లో ఆ బడి పిల్లలు నగరంలోని పెద్ద పెద్ద బడుల పిల్లల్ని దాటిపోయారు. పరిశోధనాలయం డైరెక్టర్ రంగనాథం, రాష్ట్రంలో రైలు పట్టాల పక్కనా పెద్ద రోడ్ల పక్కనా ఉన్న అన్ని బడుల్లోనూ పందిళ్లు కట్టించే పథకం తయారుచేయించారు.

ఇంట్లో తేడా మొదట కనిపెట్టింది భార్గవ.

"ఇందూ, కొత్తిమీర అందివ్వు," అని అతను వంటింట్లోంచి అడిగితే ఇందు వచ్చి మంచినీళ్ల సీసా ఇచ్చింది. మిక్సీ తిరుగుతోంది. మర్నాడు టీవీ ముందు కూర్చున్నప్పుడు ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. బజారులో అయితే పక్కనే నడుస్తూ కూడా ఏం చెప్పినా తలూపి ఊరుకునేది.

"మందా, ఫ్యాను ఆపితే వింటోంది. వేస్తే వినడం లేదు. నువ్వొకసారి చూడు."

"ఈ వయసు పిల్లలంతా అంతే. మన మాట వినకూడదని వినరు," అంది మందాకిని. పథకం పనుల్లో ఆమెకు ఊపిరాడడం లేదు.

ఒక ఆదివారం చేపల మార్కెట్లో ఇందు చేయి విడిపించుకుని ఎటో వెళ్లిపోయింది. మందాకిని గుండెలు బాదుకుంటూ వెతికింది. మంచు గంపల దగ్గర నిలబడి ఉన్న పిల్లను చూసి ఇందూ, ఇందూ అని గొంతు చించుకుంది. ఇందు తల తిప్పింది, చూసింది, మళ్లీ చేపల వైపు తిరిగింది. మందాకిని దగ్గరికి వెళ్లి చెంప మీద కొట్టింది.

"పిలుస్తుంటే వినబడడం లేదా?"

ఇందు ఏడవలేదు. చెంప పట్టుకుని, "వినబడుతోందమ్మా," అంది. "నువ్వు అరుస్తున్నావని తెలుస్తోంది. కానీ అది మాట అవ్వట్లేదు. నూనెలో ఏదో వేగుతున్నట్టుంది."

ఆ మరుసటి రోజే ఆమె ఇందుని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. చప్పుడు చొరని గదిలో కూర్చోబెట్టి పరీక్షించి, చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడాయన. మందాకిని తేలిగ్గా ఊపిరి తీసుకుంది. ఏళ్ల తరబడి మోత మధ్య వినికిడి మీద పనిచేసిన మనిషికి, మోత లేని గదిలో చేసిన పరీక్షతో ఏమీ తేలదని తోచలేదు. తోచాలని ఆమె కోరుకోలేదేమో కూడా.

*

ఎండాకాలం సెలవులు దగ్గరపడుతుండగా అది జరిగింది.

బడి వదిలాక రత్నం, చిట్టి పట్టాలు దాటి ఇంటికి వెళ్లాలి. పుట్టినప్పటి నుంచి దాటుతున్న పట్టాలే. మొదటి పట్టాల మీద గూడ్సు బండి వెళ్తుంటే అక్కచెల్లెళ్లు చేతులు పట్టుకుని నిలబడ్డారు. అవతల గట్టు మీద డ్యూటీ దిగి వస్తున్న ఎర్రయ్య నిలబడి ఉన్నాడు. గూడ్సు చివరి పెట్టె వెళ్లిపోయింది. రెండో పట్టాల మీద ఎదురు నుంచి ఇంకో బండి వస్తోంది. వెళ్తున్న గూడ్సు చాటున పిల్లలకు అది కనబడదు. ఎర్రయ్యకు కనబడుతోంది. చేతిలో ఉన్న క్యారేజీ పడేసి అరిచాడు. రత్నం తండ్రి వైపు చూసింది. నవ్వింది. చెల్లెలి చేయి వదిలి పరుగెత్తింది.

మందాకిని ఎర్రయ్య ఇంటికి వెళ్లేసరికి అంతా అయిపోయింది. రేకుల ఇంటి ముందు ఆడవాళ్లు ఏడుస్తున్నారు. ఎర్రయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద యార్డు బొగ్గు అలాగే ఉంది.

"రాకే అన్నాను మేడమ్," అన్నాడు, ఆమె అడగకుండానే. "రాకే, రాకే అని అరిసినాను. అది నన్ను సూసి ఒచ్చేసింది. నాయన కేకేస్తే ఏ పిల్లయినా ఆగిపోద్ది కదా? ఎందుకొచ్చినాది?"

చిట్టి తల్లి కొంగు పట్టుకుని నిలబడి ఉంది. ఆడవాళ్ల ఏడుపు ఒక్క క్షణం తగ్గింది. ఆ సందులో చిట్టి నెమ్మదిగా చెప్పింది.

"నాయన రావే అంతన్నాడు, నాను ముందెల్తాను అన్నాది అక్క."

ఏడుపు మళ్లీ పెరిగింది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. మందాకిని మాత్రం ఆ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి పెదవుల మీదే అనుకుని చూసింది. రాకే. రావే. రెంటికీ అచ్చులు ఒకటే. తేడా ఒక్క హల్లు.

బడిలో ఉక్తలేఖనం తప్పు రాసిన రోజుల్లో కూడా రత్నం ఈ పట్టాల దగ్గర తండ్రి కేకను తప్పు విని ఉండదు. ఆ మోతలోనే పుట్టి, ఆ మోతలోంచే తనవాళ్ల మాటల్ని ఏరుకోవడం నేర్చుకున్న పిల్ల.

*

పది దినాలూ పోయాక మందాకిని ఆ తరగతి పిల్లల్ని ప్రయోగశాలకు పిలిపించింది. అదే పేటలో పందిరి లేని ఇంకో బడి నుంచి అంతే వయసు పిల్లల్ని కూడా పిలిపించింది. వాళ్ల వాళ్ల తల్లుల గొంతుతో చిన్న చిన్న మాటలు రికార్డు చేసి, వెనక బజారు గోల కలిపి వినిపించింది. పందిరి లేని పిల్లలు ముఖాలు చిట్లించి, ముందుకు వంగి, చాలా మాటలు పట్టుకున్నారు. పందిరి కింది పిల్లలు కదలకుండా కూర్చున్నారు. ముఖం చిట్లించే ప్రయత్నం కూడా చేయలేదు.

ఆమెకు అర్థం కావడానికి ఆట్టే సమయం పట్టలేదు. గోలలోంచి మాటను ఏరుకోవడం పిల్లల మెదడు చిన్న వయసులోనే, కష్టపడి నేర్చుకుంటుంది. పందిరి ఆ కష్టం తప్పించింది. పదునుపెట్టిన హల్లుకు అలవాటుపడిన మెదడు మామూలు నోటి హల్లును వెతకడం మానేసింది. ఒకటో తరగతి పిల్లల్లో ఆ విద్య ఇంకా కొనఊపిరితో ఉంది. రెండో తరగతి పిల్లల్లో దాదాపు పోయింది. ఇందు రెండో తరగతి.

డైరెక్టర్ రంగనాథం ఆమె చెప్పింది ఓపిగ్గానే విన్నారు.

"మందాకినీ, పట్టాల దగ్గర పిల్లలు పోవడం ఈ దేశంలో కొత్తా? నువ్వు బాధలో ఉన్నావు. ఆ బాధతో లెక్కలు చూస్తున్నావు."

"ఇది బాధ కాదు సార్. పరీక్ష."

"ఒక్క గదిలో పిల్లల మీద చేసిన పరీక్ష. అవతల లక్షల మంది పిల్లలకు పాఠం వినబడడం లేదు. అది చెప్పింది నువ్వే. ఇప్పుడు ఆపమంటే వాళ్లకు నీ జవాబేమిటి?"

"నా దగ్గర జవాబు లేదు. కానీ ఇది జవాబు కాదు."

ఆయన తల అడ్డంగా ఊపారు. "పథకం కమిటీ వచ్చే వారం కూర్చుంటోంది. నీ సంగతి అక్కడ చెప్పుకో. వాళ్లు నమ్మితే ఆపుతారు."

లెక్కలు చూపిస్తే వాళ్లు నమ్మరని ఆమెకు తెలుసు. పరీక్షా ఫలితాల లెక్కలు వాళ్ల దగ్గర అంతకన్నా ఘనంగా ఉన్నాయి. ఇంటికి వచ్చి భార్గవతో చెప్పింది. అతను మొదట అర్థం కానట్టు చూశాడు.

"ఇందుని తీసుకెళ్తావా? దాన్ని అంతమంది ముందు నిలబెట్టి, నీకు వినబడడం లేదని నిరూపిస్తావా?"

"వాళ్లు చూస్తేనే ఆగుతుంది భార్గవా."

"అది నీ కూతురు. ఇదివరకు కూడా నన్ను అడక్కుండా దాన్నే ముందు పెట్టావు."

"ఈసారి అడుగుతున్నాను."

అతను లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాడు. కాదని మాత్రం అనలేదు.

కమిటీ హాల్లో ఏసీ హోరుమంటోంది. టీ కప్పులు గలగలలాడుతున్నాయి. ఎవరో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. ఎక్కడైనా ఉండే గోలే. కొత్త గౌను వేసుకున్న ఇందుని మందాకిని బల్ల ముందు నిలబెట్టి పక్కకు తప్పుకుంది. కమిటీలో పెద్దాయన ముద్దుగా నవ్వి అడిగారు.

"మీ బడి పేరేంటమ్మా?"

ఇందు ఆయన ముఖంలోకి చూసింది. పెద్దవాళ్లు ముందుగా ఏం అడుగుతారో పిల్లలకు తెలుసు.

"ఇందుమతి," అంది.

"పేరు కాదమ్మా, బడి. సరేలే, నీకు ఏ రంగు ఇష్టం?"

"రెండో తరగతి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇందుకి ఆ నవ్వు కనబడింది. తప్పు చెప్పానని తెలిసి, తర్వాత ప్రశ్న అడగకముందే గబగబా చెప్పేసింది. "ఏడేళ్లు. మా నాన్న లెక్చరర్. అన్నయ్యలెవరూ లేరు." ఇంకేం చెప్పాలో తెలియక తల్లి వైపు తిరిగింది.

నవ్విన మనిషి తల దించుకున్నాడు. పెద్దాయన లేచి వచ్చి ఇందు తల మీద చేయి వేశారు. ఆ రోజే పథకం ఆగిపోయింది.

కారులో ఇందు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటికి వచ్చాక, ఫ్యాను ఆపిన గదిలో, తలుపులు మూసి మందాకిని పక్కన కూర్చుంటే ఒకే ఒక్క మాట అంది. "ముందే చెప్పి ఉంటే జవాబులు నేర్చుకుని వచ్చేదాన్ని కదమ్మా."

*

బొగ్గులపేట బడిలో పందిరి విప్పేశారు. సెలవుల తర్వాత బడి తెరిచినప్పుడు పాత మోత మళ్లీ గదిలోకి వచ్చి కూర్చుంది. మాస్టారు బుగ్గన లవంగం పెట్టుకుని అరిచారు. పిల్లలు ఆయన వైపు, ఆ తర్వాత ఒకళ్ల వైపు ఒకళ్లు చూసుకున్నారు. కొద్ది రోజులకు చూడడం కూడా మానేసి బల్లల మీద తలలు వాల్చారు. నిద్రపోలేదు. ఊరికే వాల్చారు.

మందాకిని ఆ గది గుమ్మంలో నిలబడి ఉండగా ఎర్రయ్య వచ్చాడు.

"మేడమ్, దాన్ని మళ్లీ కట్టండి."

తను విన్నది నిజమేనా అని ఆమె అతని ముఖంలోకి చూసింది. "ఎర్రయ్య గారూ, మీరా ఆ మాట అంటున్నారు?"

"రత్నం ఎందుకొచ్చినాదో తెలిసిన మర్నాడు గునపం ఎట్టుకుని ఒచ్చినాను, అంతా పీకి పారేద్దారని. మాస్టారు నా కాళ్లట్టుకున్నారు. ఇప్పుడు నానే అడుగుతున్నాను." అతను లోపల బల్ల మీద తల వాల్చుకున్న చిట్టిని చూపించాడు. "ఇంటికాడ బళ్ల మోత. అక్కడ దానికి మా మాట ఇనపడదు. ఇక్కడా ఇనపడకపోతే ఇంకేటుంది దానికి? మాట లేకుండా మనిసెలాగ బతుకుద్ది? ఒక్క సోటన్నా దానికి మాట ఉండనియ్యండి."

"కడితే ఇంకా అలవాటు పడతారు. బయట ఇంకా వినబడకుండా పోవచ్చు."

"మరి మీ పాపకెలాగ?"

మందాకిని నిజమే చెప్పింది. "మా ఇల్లు సముద్రం వైపు. ఒక గది తలుపులు మూసుకుంటే నిశ్శబ్దంగా ఉంటుంది. అక్కడ వింటుంది."

"మా ఇంట్లో ఉన్నది ఒక్కటే గది మేడమ్. దానికి తలుపు లేదు," అన్నాడు ఎర్రయ్య. కోపంగా కాదు, ఇంటి అడ్రసు చెప్పినట్టు.

మందాకిని పందిరి మళ్లీ కట్టింది, ఆ ఒక్క గదికి, ఆ పిల్లలకు మాత్రమే. కొత్తగా చేరిన ఒకటో తరగతి పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వలేదు. వాళ్లను పక్క గదిలో, మోతలోనే కూర్చోబెట్టారు. గౌరునాయుడు మాస్టారు ఒక గదిలో మెల్లగా, ఒక గదిలో అరిచి పాఠం చెప్పేవారు. మందాకిని హల్లుల పదును నెలనెలా కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చింది. చిట్టి ఈడు పిల్లలు కొందరు మెల్లగా మామూలు మాటకు అలవాటుపడ్డారు. పెద్ద పిల్లలు, ఇందు సహా, పదును తగ్గిన కొద్దీ పందిరి కింద కూడా మాటలు జార్చుకోసాగారు. వాళ్ల కోసం ఆమె ఒక చోట ఆగిపోవలసి వచ్చింది.

ఒకసారి చిట్టి తల్లి మాస్టారిని అడిగింది. "ఆదివారం ఓపాలి తలుపు తీస్తారా బాబూ? పిల్లతో మాటాడాల."

మాస్టారు తాళం తీశారు. ఆ తర్వాతి ఆదివారం ఇంకో ఇద్దరు వచ్చారు. వానాకాలం వచ్చేసరికి ప్రతి ఆదివారం ఆ గది ముందు వరస కట్టేవాళ్లు. వారమంతా చెప్పలేక దాచుకున్న మాటలు చెప్పుకోవడానికి తల్లులు, తండ్రులు, తాతలు. ఒక అవ్వ మనవడికి కథ చెప్పేది. ఒక తండ్రి గంటసేపు కొడుకుని తిట్టి, చివరికి ముద్దుపెట్టుకుని వెళ్లేవాడు. ఒక తల్లి ఏమీ మాట్లాడకుండా కూతురి పేరే మెల్లగా పిలుస్తూ కూర్చునేది. పిలిచినప్పుడల్లా ఆ పిల్ల ఊఁ అనేది.

ఎర్రయ్య కూడా చిట్టితో వచ్చేవాడు. ఒక ఆదివారం అతను పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టమని మాస్టారిని అడిగాడు. బోర్డు ముందు నిలబడి రెండు చేతులూ తల మీద అడ్డంగా, కత్తెరలా పెట్టాడు.

"ఇలాగ పెడితే కదలకండి. ఇలాగ," రెండు చేతులూ ముందుకు చాచి దగ్గరికి లాక్కున్నాడు, "పెడితే రండి. ఏదీ, మీరు సెయ్యండి."

పిల్లలు చేశారు. అతను వాళ్ల తల్లిదండ్రుల చేత కూడా చేయించాడు. తప్పు చేసిన వాళ్ల దగ్గరికి వెళ్లి, చేతులు పట్టుకుని సరిచేశాడు. మందాకిని దగ్గరికి కూడా వచ్చి నిలబడ్డాడు. ఆమె చేతులు తల మీద అడ్డంగా పెట్టుకుంది. అతను చూసి, "మోచేతులు ఇంకా పైకి. దూరాన్నుంచి కనపడాల," అని వెళ్లిపోయాడు.

అందరూ వెళ్లాక ఇందు, మందాకిని మిగిలారు. ఇందు బల్ల మీద కూర్చుని కాళ్లు ఊపుతోంది. ఈ గదిలో తల్లి గొంతు ఎంత మెల్లగా ఉన్నా ఒక్క అక్షరం పోదు.

"అమ్మా, నేను పెద్దదాన్నై ఈ బడి వదిలేశాక, బయట నాకు మాటలు వినబడతాయా?"

డాక్టర్లు చెప్పమన్న జవాబు ఒకటుంది. సాధన చేస్తే కొంత రావచ్చని. మందాకిని ఆ జవాబు నోటిదాకా తెచ్చుకుని ఆగిపోయింది.

"వినబడవు ఇందూ. చిట్టికి రావచ్చు. నీకు రాదని నా అనుమానం."

ఇందు కాళ్లు ఊపడం ఆపింది. కిటికీలోంచి గూడ్సు బండి చప్పుడు లేకుండా వెళ్తోంది. చివరి పెట్టె దాటేదాకా చూసింది.

"మరి నువ్వు నాతో ఎలా మాట్లాడతావు?"

"తెలియదు. పెదవులు చూసి పోల్చుకునేవాళ్లు ఉన్నారు. నేర్చుకుంటావా?"

ఇందు బల్ల దిగింది. తల్లి చేయి పట్టుకుని గది దాటి వరండాలోకి లాక్కెళ్లింది. బెల్టు గరగర, రోడ్డు మీద లారీల హారన్లు, అవతలి పేటలో ఎవరి పెళ్లిదో బ్యాండు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఇందు ఎదురుగా నిలబడి తన పెదవుల మీద వేలు పెట్టుకుని, ఆ వేలు తల్లి వైపు చూపించింది.

మందాకిని వంగి, ముఖం ముఖానికి దగ్గరగా పెట్టి, నిదానంగా, "మామిడి," అంది.

"బాబిడి?"

మందాకిని తల అడ్డంగా ఊపింది. మ, బ, పెదవుల మీద రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఇంకో మాట వెతుక్కుంది.

"ఆవు."

ఇందు నుదురు చిట్లించి ఆ పెదవుల వైపే చూసింది. అలా ముఖం చిట్లించి ఆ పిల్ల ఒక మాట కోసం కష్టపడడం మందాకిని చూసి చాలా కాలమైంది.

"మళ్లీ," అంది ఇందు.

మందాకిని మళ్లీ అంది.